మత్తు ఇచ్చినప్పుడు "నేను" ఎక్కడికి పోయాను?

#1 కృష్ణాతీరం

పోయిన నెల నాకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. రాళ్ళు. ఇప్పుడు బాగానే ఉన్నాను, ఆ సంగతి కాదు నేను చెప్పొచ్చేది. థియేటర్‌లో బల్ల మీద పడుకోబెట్టారు, పైన పెద్ద గుండ్రటి లైట్లు, చలి. చేతికి పెట్టిన సూదిలోంచి తెల్లటి మందు ఎక్కిస్తుంటే నరం పొడుగునా సన్నగా మంట పుట్టింది, ఎవరో ముక్కు మీద మాస్కు పెట్టి "గట్టిగా ఊపిరి తీసుకోండి బాబాయ్" అన్నారు. ఒకసారి తీసుకున్నాను. రెండోసారి తీసుకోబోతున్నట్టు గుర్తు. ఆ వెంటనే వేరే గది, గొంతులో గరగర, మా ఆవిడ మొహం.

మధ్యలో గంటా నలభై నిమిషాలు గడిచాయట. నాకైతే అర సెకను కూడా గడవలేదు. నిద్రపోయి లేచినప్పుడు ఇలా ఉండదండీ, ఎంత మొద్దునిద్ర పట్టినా లేచాక "చాలాసేపు పడుకున్నాను" అని ఒంటికి తెలుస్తుంది. ఇక్కడ అదీ లేదు. చీకటి కూడా లేదు. చీకటి ఉందంటే దాన్ని చూసేవాడొకడు ఉండాలి కదా. రీలులో ఒక ముక్క కత్తిరించి అటు కొసా ఇటు కొసా అతికిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

యాభై నాలుగేళ్ళుగా ఈ "నేను" అనేది నాతోనే ఉంది, అదే నేను అనుకున్నాను. ఆ గంటా నలభై నిమిషాలు అది ఎక్కడుంది? ఎక్కడా లేకపోతే, తిరిగొచ్చింది అదేనా, వేరేదా? ఎవరినడిగినా "ఆపరేషన్ సక్సెస్ కదా, ఇంకెందుకు ఆలోచన" అంటున్నారు. నాకు రాత్రిళ్ళు ఇదే తిరుగుతోంది. ఇక్కడ చదువుకున్నవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

#2 సున్నా ఒకటి

ఎక్కడికీ పోలేదండీ. దీపం ఆరితే మంట ఏ దిక్కుకి పోయింది అని అడగం కదా, నూనె, వత్తి, గాలి కుదిరినంతసేపు మంట ఉంటుంది, కుదరకపోతే ఉండదు. మీరు చెప్పిన తెల్లటి మందు ప్రొపోఫాల్ అయ్యుంటుంది, అది ఎక్కేటప్పుడు మండుతుంది కూడా. మెదడులో గాబా అనే రసాయనం నరాల కణాలను అణిచి ఉంచుతుంది, ఈ మందు ఆ అణిచివేతను పెంచేస్తుంది. మెదడు భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం ఆగిపోతుంది. ఆ మాట్లాడుకోవడాన్నే మనం "నేను" అంటున్నాం అని నా నమ్మకం.

1846 అక్టోబర్ 16న బోస్టన్‌లో మోర్టన్ అనే పళ్ళ డాక్టరు ఈథర్ అనే మత్తుమందు పీల్పించి అందరి ముందూ ఆపరేషన్ చేయించిన రోజే ఈ విషయం తేలిపోయింది అంటాను నేను. ఒక వాయువు పీల్చితే ఆగిపోయేది, ఆ వాయువు దిగిపోతే మళ్ళీ వచ్చేది ఆత్మ ఎలా అవుతుంది?

#3 వేదాద్రి

అంత తొందరగా తేల్చకండి నాయనా. ఈ ప్రశ్న మనవాళ్ళు ఈథర్‌కి చాలా ముందే వేసుకున్నారు. మాండూక్య ఉపనిషత్తు పన్నెండే మంత్రాలు, అందులో మెలకువ, కల, గాఢనిద్ర మూడింటినీ విడదీసి, ఈ మూడింటికీ ఆధారంగా నాలుగోది ఉందంటుంది. గాఢనిద్ర గురించి అద్వైతులు చేసే వాదన చాలా సరళం. నిద్ర లేచినవాడు "ఒళ్ళు తెలియకుండా హాయిగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు" అంటాడు. ఏమీ తెలియలేదన్న సంగతి వాడికి ఎలా తెలిసింది? అనుభవించనిదాన్ని గుర్తు చేసుకోలేం. కాబట్టి ఆ తెలియకపోవడాన్ని చూస్తూ ఒక సాక్షి ఉన్నాడు అని.

న్యాయ దర్శనం అనే తర్కశాస్త్రం చదివినవాళ్ళు దీన్ని ఒప్పుకోరు, అది కూడా చెప్పాలి. అది జ్ఞాపకం కాదు, ఊహించి చెప్పడం అంటారు వాళ్ళు. లేవగానే ఒళ్ళు తేలిగ్గా ఉంది, పొద్దెక్కింది, మధ్యలో ఏదీ గుర్తు లేదు, కాబట్టి నిద్రపోయి ఉంటాను అని లెక్క కట్టుకుంటాడు, అంతేనట. ఈ తగాదా శతాబ్దాలు నడిచింది.

నేను ముప్పై ఏళ్ళు సంస్కృతం చెప్పాను, ఈ వాదన ఎన్నోసార్లు పిల్లలకి చెప్పాను. కానీ కృష్ణాతీరం గారూ, మీరు రాసింది చదివాక నాకు ఒక ఇబ్బంది కనిపిస్తోంది. నిద్ర లేచినవాడికి "హాయిగా" అన్న మాటైనా మిగులుతుంది. మీకు అదీ మిగల్లేదు. సాక్షి గురించి నేను చెప్పే పాఠం మీ గంటా నలభై నిమిషాలకి సరిపోతుందో లేదో నేను ఇంకా ఆలోచించుకోవాలి.

#4 నిద్రగన్నేరు

నేను మత్తు డాక్టరుని. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని, జనాన్ని పంపించడం, తిరిగి తీసుకురావడం. మీ ముగ్గురి మాటలూ చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మొదట ఒకటి. "మత్తు" అని మనం ఒక్క మాటతో అనేస్తాం కానీ అందులో నాలుగు పనులున్నాయి, అన్నీ ఒకే మందుతో జరిగేవి కావు. నొప్పి తెలియకుండా చేయడం ఒకటి, కండరాలు కదలకుండా చేయడం ఒకటి, స్పృహ తీసేయడం ఒకటి, జ్ఞాపకం ఏర్పడకుండా చేయడం ఒకటి. ఈ చివరి రెండూ ఒకటే అని అందరూ అనుకుంటారు. కావు. థియేటర్‌కి తీసుకెళ్ళే ముందు భయం తగ్గడానికి మిడజోలమ్ ఇస్తాం, అది ఎక్కాక చాలామంది నాతో చక్కగా మాట్లాడతారు, పిల్లల పేర్లు చెప్తారు, నాకు దణ్ణం పెడతారు, సాయంత్రం వార్డుకి వెళ్ళి పలకరిస్తే "మిమ్మల్ని ఎక్కడా చూసినట్టు లేదమ్మా" అంటారు. వాళ్ళు నాతో మాట్లాడినప్పుడు స్పృహలోనే ఉన్నారు. అది గుర్తులోకి ఎక్కలేదు, అంతే.

కాబట్టి కృష్ణాతీరం గారూ, "అప్పుడు ఏమీ లేదు" అని మీరంటున్నారు. మీ దగ్గరున్న ఆధారం "ఇప్పుడు ఏమీ గుర్తు లేదు" అన్నదొక్కటే. ఈ రెండింటి మధ్య చాలా దూరం ఉంది.

1977లో టన్‌స్టాల్ అనే ఆయన ఒక పద్ధతి చెప్పాడు. కండరాలు కదలకుండా చేసే మందు ఇచ్చేముందు ఒక చేతికి బీపీ పట్టీ లాంటిది బిగించేస్తే ఆ మందు ఆ చేతిలోకి వెళ్ళదు. ఒళ్ళంతా కదల్లేదు కానీ ఆ ఒక్క చెయ్యి కదలగలదు. అప్పుడు చెవి దగ్గర "మీకు వినిపిస్తుంటే నా చెయ్యి నొక్కండి" అని అడుగుతారు. 2017లో కొన్ని దేశాల ఆస్పత్రులు కలిసి 260 మందిని ఇలా పరీక్షిస్తే 12 మంది నొక్కారు. గొంతులో గొట్టం వేసిన తర్వాతి నిమిషాల్లో సంగతి ఇది, ఆపరేషన్ పొడుగునా కాదు. అలా నొక్కినవాళ్ళకి తర్వాత గుర్తుండడం బహు అరుదు. గుర్తుండిపోయే కేసులు వేరు, బ్రిటన్, ఐర్లండ్ రెండింట్లో పెద్ద సర్వే చేసి 2014లో చెప్పిన లెక్క ప్రకారం రోగులు తమంతట తాము ఫిర్యాదు చేసినవి సుమారు 19,000 మత్తులకి ఒకటి. ఇది చదివి ఎవరూ టెన్షన్ పడొద్దు, ఎవరికైనా ఆపరేషన్ ఉంటే మీ మత్తు డాక్టరుతో ముందే మాట్లాడండి, మేం రోగి తల దగ్గర్నించి కదలకుండా కూర్చునేదే దీనికోసం.

మీరు ఒక పని చేయండి. రికవరీ గదిలో మీరు ఏం మాట్లాడారో మీ ఆవిడని అడగండి.

#5 సున్నా ఒకటి

డాక్టరు గారూ, అయితే జ్ఞాపకం లేని స్పృహ అనేది నిజంగా స్పృహేనా? ఆ 12 మంది చెయ్యి నొక్కడం ఒక రిఫ్లెక్స్ కాదని ఎలా చెప్తారు?

#6 నిద్రగన్నేరు

మంచి ప్రశ్న. రిఫ్లెక్స్ అయితే ఏ మాట అన్నా నొక్కాలి, లేదా ఏ మాటకీ నొక్కకూడదు. "నొప్పిగా ఉంటే ఇంకోసారి నొక్కండి" అంటే కొందరు మళ్ళీ నొక్కారు, కొందరు నొక్కలేదు. మాట అర్థమైతే తప్ప అలా జరగదు. లోపల వాళ్ళకి ఎలా ఉందో నాకు తెలియదు. నేను థియేటర్‌లో రోజూ ఒక తెర చూస్తూ ఉంటాను, మెదడు గీతలు దాని మీద వస్తాయి. మందు ఎక్కేముందు గీత సన్నగా, గజిబిజిగా, చీమలు పాకినట్టు ఉంటుంది. ఎక్కాక పెద్ద పెద్ద అలలు, నెమ్మదిగా, వాటి మీద ఇంకో చిన్న అల. పక్కనే 0 నుంచి 100 దాకా ఒక అంకె, దాన్ని 40కీ 60కీ మధ్య ఉంచాలని చూస్తాం. ఆ అంకె 50 ఉన్నప్పుడు మనిషి ఉన్నాడా లేడా అని అడిగితే, నాకు ఆ అంకె తప్ప ఏమీ తెలియదు. ఇరవై రెండేళ్ళ తర్వాత కూడా ఇదే చెప్తున్నాను.

#7 కృష్ణాతీరం

అడిగాను. మా ఆవిడ చెప్పింది విని కాసేపు నోట మాట రాలేదు.

రికవరీలో కళ్ళు తెరిచిన పది నిమిషాలకి నేను "మోటార్ కట్టావా" అని అడిగానట. కట్టానంది. రెండు నిమిషాలకి మళ్ళీ "మోటార్ కట్టావా". అలా మూడుసార్లు. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని "అమ్మ బయట నించుందా, లోపలికి రమ్మను" అని ఏడ్చానట. మా అమ్మ పోయి పదకొండేళ్ళయింది. నర్సమ్మ వచ్చి నా తల నిమిరి పడుకోబెట్టిందట. వీటిల్లో ఒక్క ముక్క నాకు గుర్తు లేదు. నాకు గుర్తున్న "మా ఆవిడ మొహం" దీని తర్వాత అరగంటకట.

ఇన్నాళ్ళూ ఈ విషయం ఆవిడ నాతో అనలేదు, బాధపడతానని.

ఇప్పుడు నా ప్రశ్న మారిపోయిందండీ. అమ్మ కోసం ఏడ్చింది ఎవరు? నేనే కదా. ఆ ఏడుపు ఆ నిమిషంలో నిజంగా బాధే అయ్యుంటుంది కదా. అది నా జీవితంలో జరిగిందా, జరగలేదా?

#8 ముగ్గుపిండి

కృష్ణాతీరం గారూ, జరిగింది. నేను మా అత్తయ్యని చూస్తున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

అత్తయ్యకి డెబ్బై తొమ్మిది. మతిమరుపు జబ్బు మొదలై ఆరేళ్ళు. కొడుకుని "ఎవరబ్బాయివి" అంటుంది, నన్ను ఒకరోజు వాళ్ళ చెల్లెలి పేరుతో పిలుస్తుంది, ఒకరోజు "పనమ్మాయీ" అంటుంది. పోయిన సంక్రాంతికి వాకిట్లో నేను చుక్కలు పెడుతుంటే వచ్చి నా చేతిలోంచి పిండి గిన్నె తీసుకుంది. పదిహేను చుక్కలు, ఎదురు చుక్క, ఒకటి వచ్చేదాకా. వంగలేదు కదా, పీట వేసుకుని కూర్చుని జరుగుతూ జరుగుతూ మొత్తం మెలికల ముగ్గు వేసింది, గీత ఎక్కడా తెగలేదు, చివరి మెలిక మొదటి చుక్క దగ్గరకే వచ్చి కలిసింది. నేను వేస్తే మూడుసార్లు చెరుపుకుంటాను. లోపలికి వచ్చి కాళ్ళు కడుక్కుని, కిటికీలోంచి చూసి "ముగ్గు బాగుందే, ఎవరేశారు" అంది.

అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే ఆయన గురించి చదివాను. 1953లో మూర్ఛలు తగ్గడానికి మెదడులో రెండు పక్కలా కొంత భాగం తీసేశారు, అప్పటినుంచి ఆయనకి కొత్తగా ఏదీ గుర్తుండేది కాదు. బ్రెండా మిల్నర్ అనే ఆవిడ ఆయనతో అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించేది. రోజురోజుకీ చెయ్యి తిరిగింది, బాగా గీసేవాడు, కానీ ప్రతిరోజూ అది తనకి కొత్త పనే అనుకునేవాడు. మా అత్తయ్య ముగ్గు చూశాక నాకు ఆయనే గుర్తొచ్చాడు. నేర్చుకున్న "నేను" వేరు, గుర్తున్న "నేను" వేరు అని పుస్తకాల్లో రాస్తారు, కానీ మా ఇంట్లో అవి రెండూ ఒకే మనిషిలో, ఒకటి వాకిట్లో ఒకటి కిటికీ దగ్గర ఉన్నాయి. ఆవిడకి జ్వరమొచ్చి మూలుగుతున్నప్పుడు "రేపటికి గుర్తుండదు కదా" అని నేను ఊరుకోలేను. ఇప్పుడు నొప్పి ఇప్పుడే.

#9 వేదాద్రి

అమ్మా, మీ చివరి వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను.

నిన్నటి నా ఇబ్బందికి కొంత సమాధానం దొరికింది, అది మావాళ్ళ దగ్గర కాదు, బౌద్ధుల దగ్గర. వాళ్ళు ఆత్మని ఒప్పుకోరు. కానీ వాళ్ళకీ ఒక చిక్కు వచ్చింది. ధ్యానంలో నిరోధ సమాపత్తి అని ఒక స్థితి ఉందంటారు, అందులో తలపు గానీ స్పృహ గానీ ఏదీ ఉండదు, ఒంట్లో వేడి, ప్రాణం ఉంటాయి. దాంట్లోంచి యోగి లేస్తాడు, అదే మనిషిగా లేస్తాడు. మధ్యలో మనస్సు పూర్తిగా తెగిపోతే మళ్ళీ ఏ దారంతో అతుక్కుంది? దీనికి వాళ్ళలో యోగాచారులనే శాఖవాళ్ళు ఆలయ విజ్ఞానం అన్నారు, అడుగున నిశ్శబ్దంగా గింజల గాదెలా ఉండే ఒక ప్రవాహం. కృష్ణాతీరం గారు అడిగింది అచ్చంగా ఇదే. దీన్ని ఇన్ని వందల ఏళ్ళ క్రితం ఎవరో ఇంత పట్టుగా ఆలోచించారంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది.

సున్నా ఒకటి గారు దాన్ని మెదడు అంటారు. అననివ్వండి. ముగ్గు వేసిన చెయ్యి కూడా ఆ గాదెలోంచే వచ్చింది.

#10 చార్మినార్ గల్లీ

హైదరాబాద్ వాడిని కాబట్టి ఒక మాట చెప్పాలి, ఇది మన ఊరి చరిత్ర. క్లోరోఫారమ్ ఇస్తే కొందరు బల్ల మీదే చనిపోయేవాళ్ళు, గుండె ముందు ఆగుతోందా ఊపిరి ముందు ఆగుతోందా అని పెద్ద గొడవ. అప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఊపిరి చూసుకుంటే చాలనేవాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చి 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి, రెండు కమిషన్లు హైదరాబాద్‌లోనే నడిపించాడు. రెండోదానికి లాన్సెట్ అనే వైద్య పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ లండన్ నుంచి వచ్చాడు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి ఊపిరే ముందు ఆగుతుంది అని తేల్చారు. తర్వాత 1911లో గుడ్‌మన్ లెవీ గుండె కూడా ఉన్నట్టుండి లయ తప్పి ఆగిపోగలదని చూపించాడు, అంటే మనవాళ్ళు తేల్చింది పూర్తిగా నిజం కాదు.

ఆ రోజుల్లో ఇక్కడే చదువుకుని మత్తు ఇచ్చిన డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా చెప్తారు. నిద్రగన్నేరు గారు "తల దగ్గర్నించి కదలకుండా కూర్చుంటాం" అని రాస్తే నాకు ఆవిడే గుర్తొచ్చింది. తెర లేదు, అంకె లేదు, గుడ్డ మీద క్లోరోఫారమ్ చుక్కలు పోస్తూ ఛాతీ లేచి పడటం చూస్తూ కూర్చోవడమే.

#11 నిద్రగన్నేరు

ఆవిడ గురించి మాకు కాలేజీలో ఒక్క ముక్క చెప్పలేదు. రాసినందుకు థాంక్స్ అండీ.

#12 కాకతీయ

నేను ఇన్ని రోజులు చదువుతూనే ఉన్నా, రాయాలా వద్దా అనుకుంటూ. మా తమ్ముడికి ఇరవై ఆరేళ్ళు. ఏడు నెలల కింద బైక్ మీంచి పడ్డడు. తలకి ఆపరేషన్ చేసిన్రు. నెలన్నర తర్వాత కళ్ళు తెరిచిండు, మేమంతా బతికిండనుకున్నం. కానీ తెరిచిన కళ్ళు ఎటో చూస్తుంటయి. పగలు మెలకువ, రాత్రి నిద్ర, రెండూ ఉన్నయి. పిలిస్తే పలకడు. చెయ్యి నొక్కమంటే నొక్కడు. ఒక్కోసారి కళ్ళల్లోంచి నీళ్ళొస్తయి, అవి ఏడుపు కాదు, వాటంతట అవే కారతయి అన్నరు.

ఒక ఆస్పత్రిలో ఒక పెద్ద డాక్టరు అమ్మ ముందే "లోపల ఎవరూ లేరమ్మా, ఇంటికి తీస్కపోండి" అన్నడు. తమ్ముడు ఆ మంచం మీదనే ఉన్నడు. అమ్మ ఆ రోజు నుంచి తమ్ముడితో మాట్లాడటం మానేసింది. స్నానం చేయిస్తది, గొట్టంలో పాలు పోస్తది, మాట మాత్రం లేదు. నేను ఇంకా మాట్లాడుతనే ఉన్నా. కృష్ణాతీరం సార్ "అమ్మని రమ్మను" అని ఏడ్చి మర్చిపోయిండని చదివిన కాడి నుంచి నాకు నిద్ర లేదు. మేడమ్, లోపల ఎవరన్నా ఉన్నరో లేరో బయటి నుంచి చెప్పగలరా?

#13 నిద్రగన్నేరు

తల్లీ, ఆయన అలా అనకూడదు. అందులోనూ మీ తమ్ముడి పక్కన నిలబడి అస్సలు అనకూడదు.

నాకు తెలిసినది చెప్తాను, ఆశ పెంచడానికి కాదు, ఉన్నది ఉన్నట్టు. 2006లో కేంబ్రిడ్జ్‌లో ఏడ్రియన్ ఓవెన్ అనే శాస్త్రవేత్త ఇలాగే యాక్సిడెంట్ అయి ఏ స్పందనా లేని 23 ఏళ్ళ అమ్మాయిని స్కానర్‌లో పెట్టి "టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో" అన్నాడు, తర్వాత "మీ ఇంట్లో ఒక్కో గదిలోకి నడుస్తున్నట్టు ఊహించుకో" అన్నాడు. మొదటి మాటకి కదలికలు నడిపే భాగం, రెండో మాటకి చోట్లు గుర్తుంచుకునే భాగం వెలిగాయి, మామూలు మనుషుల్లో వెలిగినట్టే. 2010లో 54 మందిని అలా చూస్తే ఐదుగురు అలా చేయగలిగారు, ఒకాయన అదే ఊహతో అవును, కాదు అని జవాబులు కూడా ఇచ్చాడు. 2024లో ఇంకా పెద్దది వచ్చింది, చెప్పిన పని చేసినట్టు పైకి ఏమాత్రం కనిపించని 241 మందిలో 60 మంది, అంటే నలుగురిలో ఒకరు, స్కాన్‌లోనో మెదడు గీతల్లోనో మాట వింటున్నట్టు తేలింది.

ఇంకో సగం కూడా వినండి, అదీ ముఖ్యమే. అదే పరీక్షలో మాట వింటున్నారని పైకి తెలిసిన 112 మందిని కూడా చూశారు, వాళ్ళలో 43 మందే పాసయ్యారు. అంటే ఆ పరీక్షలో ఏమీ రాకపోయినా లోపల ఎవరూ లేరని చెప్పలేం. ఆ స్కానింగు అన్ని చోట్లా దొరకదు కాబట్టి మీరు దానికోసం అప్పులు చేసి ఊళ్ళు తిరగొద్దు.

మంచం పక్కన చేయగలిగేవి ఉన్నాయి. పద్ధతిగా, చాలాసార్లు చూస్తే తప్ప ఇలాంటి వాళ్ళలో స్పృహ పట్టుకోలేం. ప్రత్యేక పరీక్ష పద్ధతి వాడకుండా డాక్టర్ల బృందం కలిసి స్పృహ లేదన్న వాళ్ళలో పదిమందికి నలుగురు దాకా నిజానికి కొంత స్పృహతోనే ఉన్నారని 2009లో బెల్జియం వాళ్ళు చూపించారు. వాళ్ళదే ఇంకోటి, కళ్ళు దేన్నైనా వెంబడిస్తాయా అని చూడటానికి పెన్నో, టార్చో, మనిషో కాకుండా అద్దం పెట్టాలి. వస్తువుని వెంబడించని కళ్ళు కొందరిలో అద్దంలో తమ ముఖాన్ని వెంబడించాయి.

చేతిలో పట్టుకునే అద్దం తీసుకోండి, తమ్ముడి ముఖం మొత్తం కనపడేంతది. పగలు, బాగా మెలకువగా ఉన్నప్పుడు, తల కింద దిండ్లు పెట్టి కూర్చోబెట్టినట్టు చేసి, టీవీ ఆపేసి. ముఖానికి నాలుగైదు అంగుళాల దూరంలో పెట్టి, పేరు పెట్టి పిలిచి, అద్దం చూడమని చెప్పండి. కాసేపు ఆగి, నెమ్మదిగా ఒక పక్కకి జరపండి, మధ్యకి తెచ్చి రెండో పక్కకి. పైకి, కిందకి. ఒక్కోటి రెండుసార్లు. జ్వరం ఉన్న రోజు, మూర్ఛల మందు మత్తుగా ఉన్న గంటలో వద్దు. నోటుబుక్కులో తేదీ, టైము, ఏం జరిగింది రాయండి. ఒకసారి కళ్ళు కదిలితే కదిలాయని సంబరపడొద్దు, ఒక రోజంతా కదలకపోతే లేదని కుంగిపోవద్దు, వీళ్ళు గంటకో రకంగా ఉంటారు. ఫిజియోథెరపిస్టునీ, న్యూరాలజిస్టునీ ఆ నోటుబుక్కుతో కలవండి.

అమ్మగారికి చెప్పండి, మాట్లాడమనండి.

#14 సున్నా ఒకటి

నేను మొదట రాసిన దీపం పోలిక వెనక్కి తీసుకుంటున్నాను. మంట ఆరిందో లేదో చూస్తే తెలుస్తుంది కాబట్టి ఆ పోలిక అంత తేలిగ్గా వచ్చింది. ఇక్కడ చూస్తే తెలియడం లేదు, అసలు సమస్యే అది.

1998లో క్రిస్టోఫ్ కోఖ్ అనే మెదడు శాస్త్రవేత్త, డేవిడ్ చామర్స్ అనే తత్వవేత్త పందెం వేసుకున్నారు, పాతికేళ్ళలో స్పృహ అంటే మెదడులో ఫలానాది అని తేలిపోతుందని కోఖ్, తేలదని చామర్స్. 2023లో కోఖ్ ఓడిపోయానని ఒప్పుకుని వైను సీసాల పెట్టె తెచ్చిచ్చాడు. నేను కోఖ్ పక్షమే, ఇప్పటికీ. మెదడుకి అయస్కాంతంతో చిన్న దెబ్బ కొట్టి దాని ప్రతిధ్వని ఎంత చిక్కగా వస్తుందో కొలిచే పద్ధతి ఒకటి ఇటలీ వాళ్ళు చేశారు, గాఢనిద్రలో, ప్రొపోఫాల్ మత్తులో ప్రతిధ్వని చప్పగా ఆగిపోతుంది, మెలకువలో, కలలో చిక్కగా పాకుతుంది. చెయ్యి నొక్కక్కర్లేదు, మాట అర్థం కాకపోయినా పర్లేదు. ఇలాంటివి చవగ్గా జిల్లా ఆస్పత్రి దాకా రావాలి. కాకతీయ గారూ, మీ తమ్ముడి గురించి చదివాక ఈ వాదనలో గెలవాలన్న ఆసక్తి నాకు పోయింది, ఆ మిషను రావాలని మాత్రం ఉంది.

#15 వేదాద్రి

కాకతీయ తల్లీ, 1896లో మదురైలో పదహారేళ్ళ వెంకటరామన్ చావు భయంతో నేల మీద శవంలా బిగుసుకుని పడుకుని, ఒళ్ళు పోతే నేను పోతానా అని తనని తాను అడిగి చూసుకున్నాడు, ఆయనే తర్వాత రమణ మహర్షి. ఆ ప్రశ్న ఆయన తన లోపల వేసుకున్నాడు. మీరు ఇంకొకరి కోసం వేస్తున్నారు, మీది కష్టం. సాక్షి ఉన్నాడని నేను నా నమ్మకం కొద్దీ చెప్పగలను, కానీ మీకు నా నమ్మకం కంటే ఆ డాక్టరమ్మ నోటుబుక్కే ఎక్కువ పనికొస్తుంది. తమ్ముడిని ఇంట్లో ఏ ముద్దుపేరుతో పిలుస్తారో ఆ పేరుతోనే పిలవండి.

#16 కాకతీయ

పదకొండు రోజులైంది. నోటుబుక్కు చూసి రాస్తున్నా.

మొదటి నాలుగు రోజులు ఏం లేదు. ఐదో రోజు పొద్దున పది గంటలకి అద్దం కుడి పక్కకి జరిపితే కళ్ళు కొంచెం వచ్చినయి, రెండోసారి రాలే. ఆరో రోజు జ్వరం, వదిలేసిన. ఎనిమిదో రోజు కుడి పక్కకి రెండుసార్లూ వచ్చినయి, ఎడమ పక్కకి రాలే. నిన్న కుడికి రెండుసార్లు, ఎడమకి ఒకసారి. వీడియో తీసి ఫిజియో అన్నకి చూపించిన. ఆయన తన అద్దంతో ఆయనే చేసి చూసిండు, మళ్ళీ కుడికి వచ్చినయి. ఇంకో న్యూరాలజిస్టు మేడమ్ సోమవారం ఇంటికొచ్చి పద్ధతి ప్రకారం చూస్తా అన్నరు. ఇది ఎంతవరకు పోతదో నాకు తెల్వదు, మీరు చెప్పినట్టే సంబరపడతలేను.

అమ్మకి నేను ఏం చెప్పలే. నిన్న నేను అద్దం జరుపుతుంటే గడప దగ్గర నిలబడి చూసింది. తర్వాత గిన్నెలు అక్కడే పెట్టి లోపలికి వచ్చి, దువ్వెన తీసుకుని, తమ్ముడి తల దువ్వుడు మొదలుపెట్టింది. పాపిట వాడు ఎప్పుడూ ఎడమకే తీస్తడు, ఆపరేషన్ తర్వాత జుట్టు వచ్చినంక మేమెవరం పట్టించుకోలే, కుడికి దువ్వుతున్నం. అమ్మ ఎడమకి తీసి, అద్దం నా చేతిలోంచి తీసుకుని వాడి ముందు పెట్టి "చింటూ, ఇట్లనే కదరా" అని అడిగింది.

#17 కృష్ణాతీరం

సోమవారం ఏమన్నారో రాయమ్మా. మా ఆవిడ కూడా అడుగుతోంది.